కిటికీ లోపలి పక్కలకూ కింది గట్టుకూ ఏ కర్ర వేయాలి

కిటికీ లోపలి పక్కలకు చెక్క వేయించుకోవాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది "టేకు వేద్దామా, ప్లైవుడ్ సరిపోతుందా?" అని. జవాబు చెప్పేముందు నేను రెండు సంగతులు అడుగుతాను. ఆ కిటికీ ఏ దిక్కున ఉంది? గోడకు సిమెంటు పూత పెట్టి ఎన్నాళ్లయింది? గుంటూరులోనూ విజయవాడలోనూ ఇళ్ల లోపలి పనులు చేయిస్తుంటాను. మా నాన్న వడ్రంగి కావడంతో కర్ర గురించిన మాటలు చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. కిటికీ దగ్గర చెక్క పాడైందని పిలిచిన ఇళ్లలో చాలా వాటిలో కర్ర జాతి మంచిదే. పచ్చి మీద ఉన్న కర్రను బిగించడమో, నీళ్లు తగిలే చోట నీళ్లకు ఆగని సరుకు వాడటమో జరిగి ఉంటుంది. అందుకే కిటికీకి నాలుగు వైపులా ఒకే కర్ర ఉండాలన్న పట్టుదల వద్దంటాను. డబ్బు కింది గట్టు మీద పెట్టండి, పక్కల దగ్గర తగ్గించుకోండి.

మన వైపు బయటి గోడ తొమ్మిది అంగుళాలు ఉంటుంది. యూపీవీసీ కిటికీ గానీ అల్యూమినియం కిటికీ గానీ గోడ మందంలో బయటి వైపుకు జరిపి బిగిస్తే, లోపల ఐదారు అంగుళాల వెడల్పున గోడ అంచు కనిపిస్తుంది. రెండు పక్కలకు, పై భాగానికి ఎక్కువగా తగిలేది వెలుతురూ ఎండే. కింది గట్టు సంగతి వేరు. దాని మీద వాన జల్లు పడుతుంది, మనీ ప్లాంటు సీసా పెడతారు, టీ గ్లాసు పెడతారు, పిల్లలు ఎక్కి కూర్చుంటారు, పండగ ముందు అద్దాలు తుడిచిన నీళ్లన్నీ దాని మీదికే కారతాయి.

దిక్కు ఎందుకు అడుగుతానంటే, మన దగ్గర పడమటి కిటికీ ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండలో మాడుతుంది. తుపాను జల్లు మాత్రం ఎక్కువగా తూర్పు, ఈశాన్యం వైపు నుంచి కొడుతుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గుంటూరులో నాకు తెలిసిన ఇళ్లలో నీళ్లు లోపలికి వచ్చింది తూర్పు, ఉత్తరం కిటికీల్లోంచే. అవి కూడా పగిలిన అద్దాల్లోంచి రాలేదు. జారుడు కిటికీ కింది ట్రాక్‌లో నీళ్లు బయటికి పోవడానికి సన్నటి కంతలు ఉంటాయి. సిమెంటు పడో, దుమ్ము పేరుకునో అవి పూడిపోతే ట్రాక్ నిండి నీళ్లు ఇంట్లోకి పొర్లుతాయి. కాబట్టి కర్ర కొనడానికి బయల్దేరే ముందు ఒక చెంబు నీళ్లు ఆ ట్రాక్‌లో నిదానంగా పోసి చూడండి. బయటికి పోతే సరే. లోపలికి వస్తే ముందు ఆ కంతలు శుభ్రం చేయించండి. అది సరిచేయకుండా బర్మా టేకు వేసినా ఉపయోగం లేదు.

గోడ తడి కూడా అంతే ముఖ్యం. కొత్త ఇంట్లో పూత పని అయ్యాక వారాల తరబడి నీళ్లు కొడతారు, ఆ తడి గోడ లోపల చాలాకాలం ఉంటుంది. అడుగు చదరం పాలిథిన్ కాగితం తీసుకుని కిటికీ పక్క గోడకు నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు కాగితం లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటే ఆ గోడకు చెక్క బిగించే సమయం ఇంకా రాలేదు. గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తోందని టెన్షన్ పడి బిగించేస్తే, వెనక నుంచి తడి పీల్చుకుని పలక వంకర తిరుగుతుంది. ముహూర్తానికి రంగు వేసి ఊరుకోండి, చెక్క పని తర్వాత చేసుకోవచ్చు.

గట్టుకు కర్ర

గట్టుకు నా మొదటి ఓటు టేకుకే. దాని చేవలో, అంటే దుంగ లోపలి ముదురు రంగు భాగంలో, సహజంగా ఉండే నూనె లాంటి పదార్థాల వల్ల చెదలు అంత తొందరగా ముట్టుకోవు, తడికి ఓర్చుకుంటుంది, తడిసి ఆరినా మిగతా కర్రలంత మెలి తిరగదు. అయితే ఈ గుణాలన్నీ చేవవే. చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ శక్తి లేదు, పేరుకు అదీ టేకే అయినా చెద తినేస్తుంది. కలప డిపోలో సీపీ (మధ్య భారతం) టేకు అని, బర్మా అని, ఘానా అని, నైజీరియా అని రకరకాల పేర్లు చెప్తారు. దిగుమతి సరుకులో తోటల్లో పెంచి చిన్న వయసులోనే కొట్టిన దుంగలు చాలా ఉంటాయి. వాటిలో తెల్లచెక్క పాలు ఎక్కువ. పేరు చూసి ధర ఒప్పుకోవద్దు. ఆ పలకలో తెల్ల ఎంత ఉందో చూసి మాట్లాడండి.

వేప మన పల్లెల్లో ఇంటింటికీ తెలిసిన కర్ర. చేవ ఉన్న వేపను చెదలు పెద్దగా ముట్టవన్న నమ్మకం ఊరికే రాలేదు. కానీ దాని నార అల్లుకుని ఉంటుంది. సరిగ్గా ఆరకపోతే వెడల్పు పలక మెలి తిరగడం ఖాయం. ద్వారబంధం లాంటి మందపాటి కర్రకు అది చెల్లుతుంది. ముప్పావు అంగుళం పలకకు మాత్రం కోసి నీడలో ఏడాదైనా ఆరబెట్టిన వేప దొరికితేనే వేయండి. పొలం గట్టు మీద సొంత చెట్టు ఉందని కొట్టించబోయేవాళ్లు ముందు అనుమతి సంగతి కనుక్కోండి. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం సొంత భూమిలో చెట్లకూ వర్తిస్తుంది.

వేగిస గట్టి కర్ర, రంగు కూడా అందంగా ఉంటుంది. కానీ దాని చేవ తడిస్తే పసుపు రంగు దిగుతుంది. తెల్లటి గోడ పక్కన గట్టుగా వేసి ఒక్క వానకు తడిపితే గోడ మీద పసుప్పచ్చ చారలు మిగులుతాయి. దాన్ని గది లోపలి గూళ్లకు, అల్మరాలకు ఉంచుకోండి. మద్ది, తుమ్మ బరువుకు నిలుస్తాయి కానీ ఆరేటప్పుడు బీటలు తీస్తాయి, సన్నపు పలకకు పనికిరావు. మామిడి పలక చవకని తీసుకుంటే పురుగు తొలిచి పిండి రాలుస్తుంది. మలేషియన్ సాల్ అన్న పేరు కింద చాలా రకాల కర్రలు అమ్ముడవుతాయి కాబట్టి నేను గట్టుకు దాన్ని సిఫారసు చేయను.

వంటింటి సింకు వెనక కిటికీకీ, బాత్‌రూమ్ కిటికీకీ అసలు కర్ర వద్దు. చీమకుర్తి నల్ల గ్రానైట్ పక్కనే దొరుకుతుంటే అక్కడ కర్రతో కుస్తీ ఎందుకు?

పాత కలప

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాత ఇళ్ల టేకు. గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడితే, ఆ ఇంటి దూలాలు, ద్వారబంధాలు, వాసాలు పాత కలప అమ్మే షెడ్లకు చేరతాయి. ఆ కర్ర ఎన్నో ఎండలూ వానలూ చూసింది. మెలి తిరగాల్సిందేదో ఎప్పుడో తిరిగిపోయింది. కొత్త టేకులో వెతికినా దొరకని నిండు చేవ అందులో ఉంటుంది. ధర కూడా కొత్తదానికంటే తక్కువే పడుతుంది.

నాలుగు అంగుళాలు బై మూడు అంగుళాల పాత ద్వారబంధం నిలువు కర్ర ఒకటి తీసుకున్నామనుకోండి. పైన రంగు పొరలు పొరలుగా ఉంటుంది. కింద ఆకుపచ్చ, దాని మీద గోధుమరంగు, ఆ పైన ఎవరో వేసిన తెలుపు. బందు బిగించిన చోట మేకుల తుప్పు కర్రలోకి ఇంకి నల్లటి మచ్చ కడుతుంది. ఒక అయస్కాంతం దారానికి కట్టి కర్ర పొడవునా నెమ్మదిగా జరపండి, లోపల విరిగిన మేకు ఎక్కడ ఉందో అక్కడ అది అటు లాగుతుంది. అక్కడ సుద్దముక్కతో గుండ్రం గీసి, మేకు ఊడబెరికాకే సామిల్లుకు పంపాలి. మేకున్న కర్ర తెస్తే మిల్లువాళ్లు కోయడానికి ఒప్పుకోరు, కోసినా బ్లేడు ఖర్చు మన మీద పడుతుంది. మేకులన్నీ తీశాక దాన్ని పలకలుగా కోస్తే లోపలి తేనెరంగు, టేకు వాసన రెండూ బయటికొస్తాయి. నాలుగు అంగుళాల వెడల్పువి రెండు జోడించి అంటిస్తే ఎనిమిది అంగుళాల గట్టు వస్తుంది. ఒకటే వెడల్పాటి పలక కంటే ఇలా జోడించిందే వంకర తక్కువ తిరుగుతుంది కూడా.

పాత కలపలో చూసుకోవాల్సింది నేలకు ఆనిన కొస. అక్కడ చెద తగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మెత్తగా దిగితే అడుగు మేర కోసి పారేయమని బేరంలోనే చెప్పండి. సన్నటి రంధ్రాలు కనిపించి, కర్రను నేలకేసి తట్టినప్పుడు తాజా పిండి రాలితే దాన్ని ఇంట్లోకి తేవద్దు.

పక్కలకూ పైకీ

ఇక్కడ చేతికి వీలైన రకాలు చాలా ఉన్నాయి. టేకు పలకే వేయాలంటే వేసుకోవచ్చు. ఖర్చు తగ్గాలంటే ప్లైవుడ్ మీద టేకు వెనీర్ (పల్చటి టేకు పొర) అతికించి, కనబడే అంచుకు టేకు పట్టీ కొట్టిస్తే దూరం నుంచి గట్టుతో కలిసిపోతుంది. ప్లైవుడ్ తీసుకుంటే ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకోండి. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీది, ఇంకా చెల్లుతోందా లేదా అనేది షాపులోనే తెలిసిపోతుంది. ఐఎస్ 303 మామూలు వాడకానికి ఉద్దేశించింది. ఎప్పుడూ జల్లు తగలని లోపలి గదుల్లో పక్కలకు సరిపోతుంది.

రబ్బర్‌వుడ్ బోర్డులు ఈ మధ్య బాగా వస్తున్నాయి. చిన్న ముక్కలను పళ్లు పళ్లుగా జోడించి, మందు పట్టించి, బట్టీలో ఆరబెట్టి తయారుచేస్తారు కాబట్టి తిన్నగా ఉంటాయి. తడి తగలని పక్కలకు, పైకి నిశ్చింతగా వాడొచ్చు. గట్టుకు వాడొద్దు. పైన్ మెత్తన, గోరు గట్టిగా నొక్కినా అచ్చు పడుతుంది. రంగు వేసి దాచేసే పక్కలకైతే చెదల మందు పట్టించి వేసుకోవచ్చు.

ఎండీఎఫ్ (కర్ర పీచును జిగురుతో కలిపి నొక్కి చేసే బోర్డు) గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తీశాక ఆ ఇళ్లలో ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు సామాన్లు ఉబ్బి, అంచులు విచ్చుకుని, చేత్తో పట్టుకుంటే ముద్దలుగా ఊడొచ్చాయి. అదే ఇళ్లలో టేకు ద్వారబంధాలు కడిగి ఆరబెట్టాక మళ్లీ పాలిష్‌కు సిద్ధమయ్యాయి. కిటికీ దగ్గర రోజూ వరద రాదు, నిజమే. కానీ ఎండీఎఫ్‌కు వరద అక్కర్లేదు, గట్టు మీద కుండీ కింద నిలిచిన నీళ్లే చాలు.

డబ్ల్యూపీసీకి (కర్రపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే బోర్డుకు) చెద పట్టదు, నీళ్లకు ఉబ్బదు. తూర్పు, ఉత్తరం కిటికీల పక్కలకు మంచి సరుకే. పడమటి కిటికీలో నేరుగా ఎండ పడే చోట వేడికి పొడవున సాగుతుంది కాబట్టి రెండు కొసల్లో సందు వదలకపోతే మధ్యలో ఉబ్బెత్తుగా లేస్తుంది. గట్టుగా వేస్తే కింద మొత్తం ఆనుకునేలా ఉండాలి, లేదంటే పిల్లలు కూర్చున్న చోట కుంగుతుంది.

డిపోలో ఏం చూడాలి

"బాబాయ్, ఇది ఆరిన సరుకేనా?" అని అడిగితే "ఎండిపోయి చాన్నాళ్లయిందమ్మా" అన్న జవాబు తప్ప ఇంకోటి రాదు. ఆయన అబద్ధం చెప్తున్నాడని కాదు. దుంగ ఎండి ఉండొచ్చు, కానీ దుంగ లోపలి తడి కోసిన తర్వాతే బయటికి వస్తుంది. మన వాతావరణానికి కిటికీ పలకలో తడి సుమారు 10 నుంచి 14 శాతం మధ్య ఉంటే మంచిది. రెండు సూదుల తడి మీటరు ఆన్‌లైన్‌లో పెద్ద ఖరీదు లేకుండా దొరుకుతుంది. ఇల్లంతా పని చేయించేవాళ్లు ఒకటి కొనుక్కోండి. పలక కొసల దగ్గర పొడవొద్దు, కొసలు ముందే ఆరి ఉంటాయి. మధ్యలో, అప్పుడే కోసిన ముఖం మీద చూడాలి.

మీటరు లేకపోతే వంటింటి కాటా చాలు. పలక మధ్య నుంచి కోసిన చిన్న ముక్క తూచి రాసుకోండి. ఓటీజీ ఓవెన్‌లో వంద డిగ్రీల దగ్గర పెట్టి, మధ్యమధ్యలో తూస్తూ, బరువు ఇక తగ్గడం ఆగేదాకా ఉంచండి. మొదట 224 గ్రాములు, చివరికి 200 గ్రాములు ఉంటే పోయిన తడి 24 గ్రాములు, అంటే 12 శాతం. 250 గ్రాముల ముక్క 200కు దిగితే తడి 25 శాతం ఉన్నట్టు, ఆ సరుకు ఇంకా నెలల పాటు ఆరాలి.

ఈ తడి లెక్క ఎందుకింత పట్టుకుంటానంటే, కర్ర పొడవులో దాదాపు కదలదు, వెడల్పులోనే కుంచించుకుంటుంది, ఉబ్బుతుంది. తక్కువగా కదిలే టేకులో కూడా తొమ్మిది అంగుళాల వెడల్పు పలక తడి నాలుగు శాతం తగ్గితే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది. కిటికీ ఫ్రేముకూ గట్టుకూ మధ్య కనబడే సందు అక్కడి నుంచి వచ్చిందే.

పలక కొస వైపు తిప్పి చూడండి. వంపు గీతలు కనిపిస్తాయి, అవి చెట్టు వలయాలు. ఆరేకొద్దీ ఆ వంపులు తిన్నగా అవ్వాలని చూస్తాయి. గట్టు పలకను గీతలు గిన్నెలా పైకి తెరుచుకునేలా పెడితే, ఆరినప్పుడు అంచులు కిందికి దిగి నడిమి భాగం కాస్త లేస్తుంది, పడిన నీళ్లు నిలవవు. తిరగేసి పెడితే మధ్యలో పల్లం పడి నీళ్లు అక్కడే కూర్చుంటాయి. గీతలు నిలువుగా ఉన్న పలక దొరికితే ఇంకా మంచిది, అది ఏ వైపుకూ అంతగా వంగదు. దుంగ నడిబొడ్డు, అంటే ఆ గుండ్రాల మధ్య చుక్క, పలకలో ఉంటే వదిలేయండి. ఎప్పటికైనా అక్కడ బీట వస్తుంది.

ఎంత కొనాలన్న లెక్క సులువు. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) వస్తుంది. నాలుగు అడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు కిటికీకి పక్కలు రెండూ, పై ముక్కా కలిపి 13 అడుగులు, వెడల్పు ఆరు, మందం ఒకటి అంటే 0.54. గట్టు నాలుగున్నర అడుగులు, వెడల్పు ఎనిమిది, మందం ఒకటింపావు అంటే 0.31. తరుగుతో కలిపి ఒక కిటికీకి ఒక సీఎఫ్‌టీ అనుకోండి. అందులో గట్టు వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. కాబట్టి గట్టుకు మాత్రం మంచి టేకు వేస్తే ఖర్చు ఎంత పెరుగుతుందో ఆ రోజు రేటుతో మీరే వేసుకోవచ్చు. అంగుళం అని కోసింది చిత్రిక పట్టాక ముప్పావు అంగుళమే మిగులుతుందని గుర్తుంచుకుని సైజు చెప్పండి.

బిగించే ముందు

పలక ఆరు ముఖాలకూ సీలర్ పట్టించాలి. కనబడే వైపు నాలుగు కోట్లు వేసి, గోడకు ఆనే వైపు వట్టిగా వదిలేస్తే తడి అంతా ఆ వైపు నుంచే పీల్చుకుంటుంది. కోసిన కొసలకు ఇంకో కోటు ఎక్కువే వేయించండి. గట్టుకు పీయూ (పాలియురేథేన్) పాలిష్, అదీ బయటి వాడకానికి తగిన రకం. లక్క పాలిష్ మీద తడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. పక్కలకు మెలమైన్ పాలిష్ చాలు.

గట్టు గోడ పూత కంటే అంగుళం ముందుకు రావాలి. ఆ అంచు కింద సన్నటి గాడి తీయిస్తే కారిన నీళ్లు గోడ మీదికి పాకకుండా అక్కడే రాలిపోతాయి. రసమట్టం పెట్టి, ఫ్రేము వైపు నుంచి గది వైపుకు రెండు మిల్లీమీటర్ల వాలు ఉండేలా చూడండి. ఫ్రేము పక్కన స్క్రూలు గట్టిగా బిగించి, గది వైపు స్క్రూలకు కంత కొంచెం పొడుగ్గా తీయించండి. పలక వెడల్పులో కదలడానికి అదే దారి. కింద అంతటా జిగురు పూసి అతికిస్తే కదలలేక చీలుతుంది.

పలకలు వచ్చాక ఏ గదిలో బిగిస్తారో ఆ గదిలోనే, మధ్యలో చిన్న బద్దెలు పెట్టి గాలి ఆడేలా పేర్చి, రెండు మూడు వారాలు ఉంచండి. ఏసీ గదైతే ఏసీ వాడుతూనే ఉంచండి. మే నెలలో బిగిస్తుంటే కర్ర ఏడాదిలోకెల్లా పొడిగా ఉన్న సమయం అది, వానల్లో ఉబ్బుతుంది కాబట్టి ఫ్రేముకూ గట్టుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి సిలికాన్‌తో నింపించండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో బిగిస్తుంటే కర్ర అప్పటికే ఉబ్బి ఉంటుంది, మిల్లీమీటరు సందు చాలు. సంక్రాంతి దాటాక ఆ గీత కాస్త వెడల్పైతే పాత సిలికాన్ గీకి మళ్లీ ఒకసారి పట్టించుకోండి.